టీకొట్టు దాటని కారు

ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగినవాళ్లు కోయంబత్తూరు మొత్తానికి ఇద్దరే అని మా వీధిలో ఒక మాట ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు పోయి చాలాకాలమైంది. మిగిలినవాణ్ణి నేను. ఈ మాట మా వీధిలో మొదట అన్నది కూడా నేనే. ఆ పోయినాయన ఎవరో నాకూ తెలియదు. ఒక్కణ్ణే అని చెప్పుకుంటే బాగుండదని పక్కన ఇంకొకర్ని పెట్టాను.

ఒకసారి తిరుప్పూరు నుంచి మా బంధువు ఒకడు ఫోన్ చేశాడు. కారు మలేరియా వచ్చినట్టు వణుకుతోందట. "ఫోన్ తీసుకుపోయి బానెట్ కింద పెట్టప్పా" అన్నాను. పెట్టాడు. కళ్లు మూసుకుని విన్నాను. "మూడో ప్లగ్గు" అన్నాను. విప్పి చూస్తే మూడో ప్లగ్గే! తిరుప్పూరులో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజంగా నేను అన్నది "ప్లగ్గులు విప్పి చూడు" అని మాత్రమే. మూడోది మసిబట్టి ఉందని చూసి చెప్పింది వాడు. "నేను అదే అనుకున్నా" అని నేను అన్నాను. ఆ ఒక్క ముక్కే నా విద్య అంతా. దానితోనే ముప్పై ఏళ్లుగా నెట్టుకొస్తున్నాను.

నేను పని చేసింది పంపుసెట్లు చేసే ఫౌండ్రీలో, ఇనుము చెక్కే లేతు మీద. కార్లు నాకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఇంజను దగ్గర ఇంగ్లీషు మాట్లాడే కుటుంబం మాది. మూడింటిలో ఏదీ పూర్తిగా రాకపోయినా పని జరిగిపోతుంది. కారు రిపేరు కూడా అట్లాంటిదే అనుకుని దిగాను.

మా కారు వయసు నలభై దాటింది. చేసిన కంపెనీ పేరు చెప్పను. వాళ్ల తప్పేమీ లేదు, ఇన్నేళ్లు నడపమని వాళ్లు మాకు చెప్పలేదు. నేను కొన్నప్పుడు దాని రంగు క్రీము. ఇప్పుడు క్రీము అక్కడక్కడా ఉంది, మిగతాదంతా తుప్పే. ముందు ఎడమ సీటు కింద నేల జానెడు మేర తినిపోయింది. వానాకాలంలో అక్కడ కూర్చున్నవాళ్లు మళ్లీ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోనక్కరలేదు. దానికి నేను నా భార్య నువ్వులనూనె డబ్బా ఒకటి కత్తిరించి, సాపు చేసి, బోల్టులతో బిగించాను. డబ్బా మీది నువ్వుపువ్వు బొమ్మ సగం కనబడుతూ ఉండేది. అది ఖాళీ డబ్బానే. దాదాపు ఖాళీ డబ్బా. సరే, నాలుగు దోసెలకు సరిపడా నూనె ఉండింది.

ఈ కారు పడుకునేది ఇంటి పక్క రేకుల షెడ్డులో. కథకంతా మూలం ఆ షెడ్డే. నా భార్య ఇడ్లీపిండి రుబ్బి అమ్ముతుంది. మా వీధి, పక్క వీధి, ఆ పైన రెండు హాస్టళ్లు, అందరికీ ఆమె పిండే. వంటింట్లో ఉన్న చిన్న గ్రైండరు తెల్లారేసరికి అలసిపోయి పొగలు కక్కేది. పెద్ద గ్రైండరు పెట్టాలంటే మూడు ఫేజుల కరెంటు కావాలి. మూడు ఫేజులు ఉన్నది షెడ్డులోనే, ఒకప్పుడు నేను అక్కడ చిన్న లేతు పెట్టాలని వేయించుకున్నాను. లేతు రాలేదు, కారు వచ్చింది.

పోయినేడు కారు రిజిస్ట్రేషను గడువు తీరింది. ఇంకో ఐదేళ్లు బతకాలంటే ఆర్టీఓ ఆఫీసుకు తీసుకుపోయి చూపించాలి, వాళ్లు సరేనని కాగితం ఇవ్వాలి. ఆఫీసు మా ఇంటికి పన్నెండు కిలోమీటర్లు.

నా భార్య ఆ సంగతి తెలుసుకుని, నేను అన్నం తింటుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇదో, వినండి. అది తన కాళ్లతో ఆఫీసుకు పొయ్యి పేపరు తెచ్చుకునిందా, ఉండనీ, నేను నోరు తెరవను. దారిలో నిలిచిపోయిందా, అట్లే కాయలాంకడకు. షెడ్డు నాది. సరేనా?"

కాయలాంకడ అంటే పాత ఇనుము కొనే కొట్టు. అక్కడ కార్లను కత్తితో కొబ్బరికాయ కొట్టినట్టు కొడతారు.

"సరే" అన్నాను, నోట్లో ముద్ద ఉండబట్టి ఇంకేమీ అనలేక.

"రేయ్, విన్నావు కదా?" అంది పక్కకు తిరిగి. పక్కన కూర్చున్నది ఆమె తమ్ముడు, నా బావమరిది. మేలూరు దగ్గర రాతిక్వారీలకు ముప్పై ఏళ్లు లారీ తోలి రిటైరైనవాడు. ఆయుధపూజకని మా ఇంటికి వచ్చాడు.

"విన్నా అక్కా. నేను సాక్షి" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "బావా, గ్రైండరు ఎప్పుడు తెస్తారు?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్లకు ఆయుధపూజ అంటే ఇనుముకు పండగ. ఆ రోజు స్పానర్లు కడిగి, తుడిచి, వరసగా పేర్చి బొట్లు పెడతాం. ఆ రోజు వాటిని ముట్టుకోం. కత్తిపీటకు కూడా సెలవే. బండ్లకైతే నలుగు పెట్టినట్టు స్నానం, దండ, చక్రాల కింద నిమ్మకాయలు, బొరుగులు పంచడం, బూడిద గుమ్మడికాయ కొట్టడం. మామూలుగా బానెట్ మీద మూడు గంధం బొట్లు, స్టీరింగుకు ఒకటి, చక్రాలకు నాలుగు. ఈసారి ప్రాణం మీదికి వచ్చిన సంవత్సరం కదా అని గంధం రెండింతలు కలిపాను. అద్దాలకు పెట్టాను, లైట్లకు పెట్టాను, హారనుకు పెట్టాను. పెట్రోలు పోసే మూత దగ్గరికి వచ్చాక, "ఇది దీని నోరు కదరా" అన్నాను.

"నోటికి బాగా పెట్టు బావా" అన్నాడు బావమరిది.

అరచేతి మందాన పెట్టాను. మధ్యలో రూపాయంత కుంకుమ.

మరునాడు విజయదశమి. టాంకు నిండా పెట్రోలు పోయించి ఉన్నాను. ఆఫీసుకు సెలవే అయినా, ముందుగా ఆ దారిలో ఒకసారి తోలి చూద్దామని ఇద్దరం ఎక్కాం. కారు పెళ్లికి పోతున్నట్టు పోయింది. మూడు కిలోమీటర్లు పోయాక, రోడ్డు మలుపులో ఒక టీకొట్టు ఉంది, సరిగ్గా దాని ముందు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"టీ తాగుదాం" అన్నాడు బావమరిది.

తాగాం. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచింది. తిప్పుకుని ఇంటికి వచ్చేశాం. మరునాడు మళ్లీ పోయాం. మళ్లీ అదే టీకొట్టు, అవే రెండు దగ్గులు.

నేను కళ్లు మూసుకుని, "ఇగ్నిషను కాయిలు. వేడెక్కితే చచ్చిపోతుంది, చల్లారితే లేస్తుంది" అన్నాను. గాంధీపురం పోయి కొత్త కాయిలు తెచ్చి వేశాను. వేసి, అన్నీ బాగుండాలని, పాత బొట్ల మీదే కొత్త బొట్లు పెట్టాను. టీకొట్టు దగ్గర ఆగింది.

"కాయిలు కాదు బావా, పెట్రోలు పంపు. వేడికి పెట్రోలు ఆవిరైపోతా ఉండాది. లారీలో ఎన్ని చూస్తిని" అన్నాడు బావమరిది. తోలింది డీజిలు లారీ అని ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు రాలేదు. పంపుకు తడిగుడ్డ చుట్టాం. జ్వరం వచ్చిన బిడ్డకు వేసినట్టు గుడ్డ మార్చి మార్చి వేశాం. మళ్లీ బొట్లు. టీకొట్టు దగ్గర ఆగింది.

అప్పుడు కార్బురేటర్ విప్పాను. అందులోని ఇత్తడి జెట్లను వేడినీళ్లలో ఉడికిస్తే మడ్డి పోతుందని ఎవరో చెప్పారు. ఉడికించాను. ఏ గిన్నెలో అన్నది అవసరం లేదు. సరే, ఇడ్లీ గిన్నెలో. నా భార్య వాసన చూసి, గిన్నె చూసి, నన్ను చూసి, గిన్నె తీసుకుపోయి వీధి చివర కుళాయి దగ్గర ఇటుకపొడి వేసి తోమింది. తోమే చప్పుడు మా ఇంటిదాకా వినబడింది. ఆ చప్పుడు విని రోగం చెప్పడానికి నేనక్కరలేదు.

కార్బురేటర్ బిగించి, బొట్లు పెట్టి, పోయాం. టీకొట్టు.

ఈపాటికి టీకొట్టాయన మా చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టి గ్లాసులు కడగడం మొదలుపెట్టేవాడు. ఇంజను చప్పుడు విని జరగబోయేది తప్పులేకుండా చెప్పగలిగినవాడు కోయంబత్తూరులో నిజంగా ఒకడు ఉన్నాడంటే అతనే.

"ఇది ఇంజను తప్పు కాదు బావా, ఈ చోటు తప్పు" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

దాంతో ఒక గుమ్మడికాయ తెచ్చి, కర్పూరం వెలిగించి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, టీకొట్టు ముందు రోడ్డు మీద ఫెడీమని కొట్టాం. ముక్కలు పోయి బజ్జీల సట్టిలో పడ్డాయి. టీకొట్టాయన తమిళంలో మా ఇద్దరి వంశాలనూ వరసగా తలచుకున్నాడు. గుమ్మడికాయ తర్వాత, పద్ధతి ప్రకారం, కారుకు మళ్లీ గంధం, కుంకుమ.

ఆఫీసుకు పోవలసిన రోజు వచ్చింది. మా వీధి దాటగానే ఉన్న బంకులో పెట్రోలు నింపించుకుందామని ఆగాం. మూత తిప్పగానే లోపల నుంచి 'ఉస్స్' అని పెద్ద నిట్టూర్పు. బంకు పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "దాహం వేసింది తల్లీ" అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నా భార్య కూడా వచ్చింది. ముందు ఎడమ సీట్లో, నువ్వుల డబ్బా మీద చెప్పులు ఆనించి, ఒళ్లో గుడ్డసంచీతో కూర్చుంది. సంచీలో గాంధీపురంలోని గ్రైండర్ల కొట్టువాళ్లు ఇచ్చిన బొమ్మల కాగితం ఉంది. "ఎట్లా అయినా దారిలోనే కదా ఆగేది. ఆగిన చోటునుంచి బస్సెక్కి పొయ్యి గ్రైండరు చూసుకుని వస్తా" అంది. బావమరిది వెనక సీట్లో సాక్షిగా కూర్చున్నాడు.

టీకొట్టు దగ్గర కారు రెండు దగ్గులు దగ్గింది.

ఇక్కడ నేనేం చేశానో మా వీధిలో ఎవరినైనా అడగండి. దిగాను. ఎవరినీ మాట్లాడవద్దని చేయి ఎత్తాను. కారు వెనక్కి పోయి టాంకుకు చెవి ఆనించాను. అర నిమిషం విన్నాను. "దీనికి ఊపిరాడడం లేదు" అన్నాను. అని, జేబులోంచి సన్నని తీగ తీసి మూతలో ఒకచోట పొడిచాను. అంతే. టీకొట్టాయన చేతులెత్తి దండం పెట్టాడు.

వీధిలో చెప్పే కథ అది. నా భార్య తమిళ బడిలో చదువుకుంది. తెలుగు మాట్లాడడమే కాని చదవడం రాదు. కాబట్టి ఇక్కడ నేను ఏం రాసినా అడిగేవాళ్లు లేరు. ఎందుకో తెలియదు, అడిగేవాళ్లు లేరనేసరికి ఆ కథ రాయడానికి చెయ్యి రావడం లేదు. జరిగింది ఇది.

టీకొట్టాయన మేం అడగకుండానే మూడు గ్లాసులు తెచ్చి పెట్టాడు. నా భార్య మా ఇద్దరినీ చూసింది.

"మీరు ఇన్నాళ్లూ రిపేరు చేసింది కారునా, ఈయన వ్యాపారమునా?"

నేను బానెట్ ఎత్తాను. "కాయిలే" అన్నాను. "పంపు" అన్నాడు బావమరిది. "నువ్వు తోలింది డీజిలు లారీరా!" "నువ్వు తిప్పింది పంపుసెట్టు బావా!" అట్లా కాసేపు నడిచింది. ఆమె టీ తాగుతూ విన్నది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"పెట్రోలు ఉండాదా?"

"నిండా ఉంది."

"మరి ఏమిటికి రాదు?"

"అదే కదా తెలియనిది."

"నూనె డబ్బాకు ఒక్క బొక్కే పెడితే నూనె వస్తుందా? గుడుక్ గుడుక్ అని రెండు చుక్కలొచ్చి నిలిచిపోతుంది. ఇంకో పక్క గాలికి ఒక బొక్క పెట్టాల. దీనికి గాలిబొక్క ఎక్కడ?"

"అక్కా, ఇది కారు. నూనె డబ్బా కాదు" అన్నాడు బావమరిది.

"అట్లనా? నేను కాళ్లు పెట్టుకోనుండేది దేని మీదరా?"

నేను తెలిసినవాణ్ణి కదా, చెప్పబోయాను. "అట్లా కాదు, దీనికి గాలి పొయ్యేదానికి మూతలోనే సన్నగా ఒక బొక్క ఉంటుంది..."

ఆ మాట సగంలో ఆగిపోయింది, కారు మాదిరే.

ముగ్గురం వెనక్కి పోయి మూతను చూశాం. మూత కనబడలేదు. గంధం కనబడింది. ఆయుధపూజ నాటి గంధం, కాయిలు నాటి గంధం, తడిగుడ్డ నాటిది, కార్బురేటర్ నాటిది, గుమ్మడికాయ నాటిది, ఎండకు ఎండి సున్నపు గోడలాగా పొరలు పొరలుగా పేరుకుంది. మధ్యలో కుంకుమ. ఆ కుంకుమ కింద ఎక్కడో, ఊపిరి పీల్చుకోవలసిన ఆ సూదిమొనంత బొక్క.

నా భార్య గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. గంధం గీకింది. పెచ్చులు రాలాయి. బొక్క కనబడగానే పిన్నీసు గుచ్చింది.

ఉస్స్స్.

టీకొట్టాయన కూడా వచ్చి విన్నాడు. చాలాసేపు పీల్చుకుంది పాపం.

"ఇంత గంధం ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

"బావే" అన్నాడు సాక్షి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

తాళం తిప్పాను. నాలుగు తిప్పులకు లేచింది. టీకొట్టు దాటాం. దాని అవతల రోడ్డు ఎట్లా ఉంటుందో నేను మరచిపోయి ఉన్నాను. ఒక కిలోమీటరు పోయింది, రెండు పోయాయి, దగ్గులేదు. బావమరిది వెనక సీట్లో తెలిసిన పాటలన్నీ కలిపి ఈల వేస్తున్నాడు. పక్కకు చూస్తే, నా భార్య సంచీలోంచి ఆ గ్రైండరు కాగితం తీసి, నాలుగు మడతలది ఎనిమిది మడతలు చేసి మళ్లీ లోపల పెడుతోంది.

అప్పుడు తట్టింది నాకు. ఆమె ఆ టీకొట్టు దగ్గర ఇంకొక్క పావుగంట నోరు మూసుకుని ఉంటే చాలు. మేమిద్దరం కాయిలు, పంపు అని కొట్టుకుంటూనే ఉండేవాళ్లం, ఆమె బస్సెక్కి పోయేది.

"ఏమిటికి చెప్పినావు?" అన్నాను.

"తెలిసిన మాట నోట్లో పెట్టుకోని ఎట్లా కూర్చునేది? దోస మాడతా ఉంటే చూస్తా ఉంటామా?" అంది. అని కిటికీ వైపు తిరిగింది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చాసిస్ నంబరు మీద తుప్పు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, పెన్సిలుతో కాగితం మీద అచ్చు తీసుకున్నాడు. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు. చివరికి ఎడమ తలుపు తీసి నేలను బూటుతో తొక్కాడు. టప్ మంది. వంగి చూశాడు. సగం నువ్వుపువ్వు అతన్ని చూసింది.

"ఇదెన్నమ్మా?" అన్నాడు నా భార్యతో, ఇదేమిటని.

"నల్లెణ్ణై సార్" అంది ఆమె. నువ్వులనూనె. అంతకంటే నిజం ఇంకేముంటుంది?

అతను నవ్వాడు. నవ్వినంత మాత్రాన వదల్లేదు. అసలైన ఇనుపరేకు వేసి వెల్డింగు చేయించి గురువారం తీసుకురమ్మన్నాడు. చేయించాం. గురువారం మళ్లీ పోయాం. దారిలో టీకొట్టు దగ్గర కారు ఆగలేదు కాబట్టి మేమే ఆపి, బజ్జీల సంగతికి క్షమాపణ చెప్పి, టీ తాగాం. కాగితం ఇచ్చారు. ఐదేళ్లు. మొదటి రోజు ఆగింది లెక్కలోకి తీసుకోకపోతే, పందెం నేను గెలిచాను.

ఇప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లు చూసేది ఏమిటంటే, కారు సందులో టార్పాలిను కప్పుకుని ఎండలో నిలబడి ఉంటుంది. షెడ్డులో పెద్ద గ్రైండరు తిరుగుతూ ఉంటుంది. "ఏమయ్యా, గెలిచినావంటివే?" అని అడుగుతారు. "ఏం చెప్పేది? ఆడవాళ్ల రాజ్యం. నేను లేనప్పుడు తమ్ముణ్ణి పెట్టి బయటికి తోయించింది" అంటాను, ముఖం దిగులుగా పెట్టుకుని. వాళ్లు జాలిపడతారు. కొందరు కాఫీ కూడా ఇప్పిస్తారు.

ఇదీ అబద్ధమే. తోసింది నేను. ఆమె రేషన్ కొట్టుకు పోయిన పూట, బావమరిదిని లేపి, స్టార్టు చేస్తే చప్పుడుకు వీధంతా వస్తుందని ఇద్దరం చేతులతోనే తోశాం.

"ఓడినవాడు తోసేది చూసినాను బావా. గెలిచినవాడు తోసేది ఇప్పుడే చూస్తా ఉండాను" అన్నాడు వాడు, రొప్పుతూ.

"నోరు మూసుకోని తొయ్యిరా."

ఆమె బియ్యం సంచీతో వచ్చి, ఖాళీ షెడ్డు చూసింది. సందులో కారు చూసింది. సంచీ కింద పెట్టలేదు.

"వాన వస్తే తుప్పు పట్టదా?"

"పట్టడానికి ఇంకా చోటెక్కడ ఉంది?" అన్నాను.

గ్రైండరు వచ్చింది. పిండి డబ్బాలు ఎక్కువయ్యాయి, హాస్టళ్లు రెండు కాస్తా నాలుగయ్యాయి. పొద్దున్నే డబ్బాలన్నీ వెనక సీట్లో పెట్టుకుని ఇంటింటికీ తిప్పేది నేనే, ఆ కారులోనే. ఒక ఎండాకాలం రోజు డబ్బా మూత తన్నుకుని పిండి పొంగి సీటంతా పారింది. అప్పటినుంచి కారులో పులిసిన వాసన. రిజిస్ట్రేషను కాగితానికి కూడా అదే వాసన.

మొదటిసారి డబ్బాలు ఎక్కించిన రోజు శుక్రవారం. ఆమె పళ్లెంలో గంధం, కుంకుమ తెచ్చింది. బానెట్‌కు పెట్టింది, చక్రాలకు పెట్టింది. పెట్రోలు మూత దగ్గర కాసేపు ఆగింది. బొక్కకు బొటనవేలంత ఎడం వదిలి, అంచు మీద చిన్నగా ఒక బొట్టు పెట్టింది. తర్వాత గాజునుంచి పిన్నీసు తీసి, ఎందుకైనా మంచిదని బొక్కలో ఒకసారి పొడిచి చూసింది.

నేను స్టీరింగు దగ్గర కూర్చుని అద్దంలో చూస్తున్నాను. ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఎవరైనా అడిగితే, చప్పుడు విని కనిపెట్టినా అనే చెప్పుకోండి. నేనేం చెప్పను."

చెప్పుకుంటున్నాను. ఇక్కడ తప్ప.